ముక్క మీది శాసనం

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఆ పుస్తకాల మధ్య దొరికిన ఒక కార్డుల కట్టతో ఆడుతూ ఇద్దరు పిల్లలు తగువుపడడం ఈ వాదానికి మూలం. మామ నాంపల్లి క్రిమినల్ కోర్టులో వకీలు. మేనకోడలు ఇంజినీరింగ్ చదువుతోంది. పోకెమాన్, మ్యాజిక్ రెండూ ఆడుతుంది. చిన్న పోటీల్లో తగువులు తీర్చడానికి కూర్చుంటుంది. ఆ ఆటల్లో ఆ పనిచేసేవాళ్లని కూడా జడ్జి అనే పిలుస్తారు. జీపీవో దగ్గర మొదలైన మాటలు స్టేషన్ రోడ్డు మీదుగా నాంపల్లి దాకా సాగాయి.

మామ: బిడ్డా, ఇందాక ఆ ఇద్దరు పిల్లల తగువు నువ్వు తీర్చిన తీరు నాకు మింగుడుపడలేదు. రూల్‌బుక్ ఒకటి చెబుతోంది, ముక్క మీద ఇంకొకటి రాసి ఉంది. నువ్వేమో ముక్క మీదిదే చెల్లుతుందన్నావు. ఎవరి చేతిలోని ముక్క మీద వాళ్ల చట్టం ఉంటే అది ఆట ఎట్లా అవుతుంది? లొల్లి అవుతుంది.

కోడలు: అది నా సొంత తీర్పు కాదు మామా. మ్యాజిక్: ది గ్యాదరింగ్ రూల్‌బుక్కే మొదట్లో ఒప్పుకుంటుంది: కార్డు మీది మాట రూల్‌బుక్‌తో నేరుగా తలపడితే కార్డుదే పైచేయి అని. ఆడేవాళ్లు దాన్ని గోల్డెన్ రూల్ అంటారు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితవేత్త 1993లో తెచ్చిన ఆట ఇది. అసలు నియమాలు ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. ఆ తర్వాత వచ్చిన వేల కార్డుల్లో చాలావరకు ఏదో ఒక నియమాన్ని కాస్త వంచుతాయి. ఆ వంపులే ఆట.

మామ: ఒక్క ఉదాహరణ చెప్పు. గాలిలో మాటలొద్దు.

కోడలు: మామూలుగా కట్టలో కనీసం 60 కార్డులు ఉండాలి, బేసిక్ ల్యాండ్ కార్డులు తప్ప ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించకూడదు. ఇది అందరికీ వర్తించే రూలు. 2004లో ‘రిలెంట్‌లెస్ ర్యాట్స్’ అని ఎలుకల కార్డు వచ్చింది. దాని మీద, ఈ పేరున్న కార్డులు ఎన్నైనా పెట్టుకోవచ్చు అని అచ్చేశారు. కావాలంటే ముప్పై పెట్టు.

మామ: మరి నాలుగు అన్న రూలు ఎవరి కోసం రాసినట్టు?

కోడలు: మిగతా కార్డులన్నింటి కోసం. ఎలుకల కార్డు ఆ రూలుని రద్దు చేయలేదు, తన పేరు మేరకే సడలించుకుంది.

మామ: అట్లా చెప్పు. అంతవరకు నాకు కొత్తేమీ లేదు. పాణిని వ్యాకరణంలోనే ఉంది: ఉత్సర్గం అంటే సామాన్య సూత్రం, అపవాదం అంటే దాన్ని ఒకచోట తొలగించే విశేష సూత్రం. రెండూ ఎదురుపడితే అపవాదమే గెలుస్తుంది. కోర్టులో మేము చేసేదీ అదే. సామాన్య చట్టం మీద ప్రత్యేక చట్టానిదే పైచేయి. నా పేచీ అది కాదు. పాణిని అపవాదాన్ని పాకెట్లలో పెట్టి అమ్మలేదు. మీ ఆటలో మినహాయింపు డబ్బు పెట్టి కొనుక్కునే సరుకు. విప్పేదాకా లోపల ఏముందో తెలియని పాకెట్టు. ఎక్కువ పాకెట్లు కొన్నవాడికి ఎక్కువ చట్టాలు.

కోడలు: డబ్బున్నవాడికి సౌలభ్యం ఉంటుంది, కాదనను. దానికి పరిమితులూ ఉన్నాయి గానీ...

మామ: ఆగు, పూర్తిగా విను. రమ్మీ తీసుకో. 13 ముక్కలు పంచుతాం. ఆ ముక్కల్లో ఏదీ నోరు విప్పదు. ఇస్పేటు రాణి ఎవరి చేతిలో ఉన్నా ఇస్పేటు రాణే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడారని పెట్టిన కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ, 1967 నవంబరులో తీర్పు. మూడు ముక్కలాటలా అది ఉత్త అదృష్టం కాదని తేల్చారు. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యమేనన్నారు. ఇద్దరిదీ ఒకే కట్ట కాబట్టే ఆ నైపుణ్యం కనబడుతుంది. మీ ఆటలో ఎవడి కట్ట వాడు ఇంటినుంచి తెచ్చుకుంటాడు. ఓడినవాడు తెలివి తక్కువై ఓడాడా, జేబు తక్కువై ఓడాడా, ఎట్లా తేలుస్తావు?

కోడలు: ఆ కేసు ఏ చట్టం కింద పెట్టారో నువ్వే చెప్పావు ఒకసారి. నిజాం కాలపు జూదం చట్టం.

మామ: అవును, 1305 ఫస్లీ నాటిది.

కోడలు: అందులో నైపుణ్యం మీద నడిచే ఆటలకి ఈ చట్టం వర్తించదు అని ఒక సెక్షన్ ఉంది. క్లబ్బువాళ్లు బయటపడడానికి ఆ సెక్షన్ కూడా పనికొచ్చింది. అది కూడా ముక్క మీద రాసిన మాటే కదా? చట్టమంతా ఒకవైపు, ఆ ఒక్క సెక్షన్ ఒకవైపు. క్లబ్బువాళ్లు సరైన ముక్క దించారు.

మామ: దించారు. తర్వాతి జూదం చట్టంలోకీ వచ్చిన ఆ మాటని 2017లో మన రాష్ట్రం సగం చెరిపేసింది కూడా. డబ్బు పందెం పెట్టి ఆడితే నైపుణ్యం అన్న మాట ఇక్కడ చెల్లదు.

కోడలు: పందెం సంగతి మా ఆటకీ తెలుసు. మ్యాజిక్ మొదటి ముద్రణలోనే పందెం కార్డులు ఉండేవి. గెలిచినవాడు ఓడినవాడి కార్డు ఒకటి ఇంటికి పట్టుకుపోవచ్చు. పందెం లేకుండా ఆడుతుంటే ఈ కార్డుని ముందే కట్టలోంచి తీసేయాలి అని దాని మీదే అచ్చువేశారు. తర్వాత వాటిని పోటీల్లో పూర్తిగా నిషేధించారు.

మామ: అదొక్కటి మంచి పని చేశారు.

కోడలు: ఇప్పుడు నేను అడుగుతా. ఏ కార్డు మీదా వాక్యం లేని ఆట మా అన్నయ్యవాళ్లు ఆడేవాళ్లు. రెజ్లింగ్ ట్రంప్ కార్డులు. ఒక్కో పహిల్వాన్ బొమ్మ కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన కుస్తీలు, అంతే. ఎత్తులో పెద్ద అంకె గెలుస్తుంది, ర్యాంకులో చిన్న అంకె గెలుస్తుంది. రెండూ సమానమైతే ఏం చేయాలో కార్డు మీద ఉండదు. దానికి గల్లీ రూలు. ఆ గల్లీ రూలు ఎవరిది? కట్ట కొన్నవాడిది, లేకపోతే అందరికన్నా పొడుగ్గా ఉన్నవాడిది. నిన్న ఒకటి, ఈరోజు ఒకటి. నేను చిన్నదాన్ని కాబట్టి ప్రతి సమానమూ అవతలివాడికే పోయేది. నియమం ముక్క మీద లేకపోతే మనిషి నోట్లో ఉంటుంది మామా. ఇందాక ఫుట్‌పాత్ మీద ఆ చిన్నవాడు పెద్దవాడి ముందు కార్డు తిప్పి చూపించాడు, చదవమన్నాడు. నేను తీర్పు చెప్పకముందే వాడు గెలిచాడు.

మామ: ఆ మాట ఒప్పుకోక తప్పదు. రాత లేనిచోట బలవంతుడిదే రాజ్యం. కానీ రాసి ఉన్నంత మాత్రాన సరిపోతుందా? మనందరి మీదా ఒక ముక్క ఉంది, చదివావా? రాజ్యాంగంలో 371-డి. 32వ సవరణతో వచ్చింది, 1974 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ముల్కీ గొడవలు, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర, ఆ తర్వాత ఆరు సూత్రాల పథకం, వీటన్నింటి ఫలితం అది. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకి ప్రత్యేక ఏర్పాటు చేసే అధికారం రాష్ట్రపతికి ఇచ్చింది. దాని పదో క్లాజులో ఏముందంటే, ఈ రాజ్యాంగంలో మరెక్కడ ఏమి రాసి ఉన్నా, వేరే ఏ చట్టంలో ఏమున్నా, ఇదే చెల్లుతుంది.

కోడలు: చూశావా! మీ రూల్‌బుక్‌లోనే గోల్డెన్ రూల్.

మామ: పూర్తిగా విను. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రాన్ని జోన్లుగా విడగొట్టి, ఏ జోన్ పోస్టు ఎవరికో అందులో స్పష్టంగా రాసి ఉంది. పదేళ్లు తిరిగేసరికి, 1985 డిసెంబరు 30న, 610 జీవో వేయాల్సి వచ్చింది. ఆ జీవోలో ఉన్నదేమిటి? ఉత్తర్వుకి విరుద్ధంగా వేసినవాళ్లని 1986 మార్చి ఆఖరులోగా వాళ్ల జోన్లకి పంపండి అని. అంటే రాసినదాన్ని రాసినట్టు చేయండి అని మళ్లీ రాయడం. అదీ జరగలేదు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసి, ఎక్కడెక్కడ తప్పారో లెక్క తీయమన్నారు. రాజ్యాంగాన్నే దాటగల ముక్క చేతిలో పెట్టుకుని ఇన్నేళ్లు కూర్చున్నాం బిడ్డా. ముక్కకి నోరు ఉంది, చెయ్యి లేదు.

కోడలు: తేడా అక్కడే ఉంది. మా బల్ల మీద చెయ్యి ఎదుటివాడిది. నేను దించిన కార్డుని ఎదుటివాడు తీసుకుని చదవచ్చు. నేను ఎక్కువ చెప్పుకుంటే అక్కడికక్కడే పట్టుకుంటాడు, ఎందుకంటే నష్టం వాడిదే. జోన్ పోస్టుల కార్డు ఎవరి చేతిలో ఉంది? నష్టపోయినవాడి చేతిలో లేదు, సెక్రటేరియట్ ఫైల్లో ఉంది.

మామ: ఇది వాదన అంటే. కోర్టుకి రా, పనికొస్తావు.

కోడలు: ఇంకొకటుంది. పోకెమాన్‌లో చూడు. ఒక్కొక్కరూ ఆరు ప్రైజ్ కార్డులు పక్కన పెట్టి ఆట మొదలుపెడతారు. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా ఒకటి తీసుకుంటారు. ఆరూ తీసినవాడు గెలిచినట్టు. మొదట్లో వచ్చిన చారిజార్డ్ కార్డుకి ప్రాణబలం 120. 2023లో వచ్చిన ‘చారిజార్డ్ ఈఎక్స్’కి 330. పడగొట్టడం చాలా కష్టం. కానీ ఆ కార్డు అడుగున ఒక రూలు అచ్చువేసి ఉంటుంది: ఇది పడిపోతే ఎదుటివాడు ఒకటి కాదు, రెండు ప్రైజులు తీసుకుంటాడు అని. అట్లాంటివి మూడు పడితే ఆట అయిపోయినట్టే. బలం ఎంతో పైన ఉంది, దాని ఖరీదు ఎంతో అడుగున ఉంది, రెండూ ఒకే కార్డు మీద.

మామ: బావుంది. ఆ బంగారు రంగు ప్లాస్టిక్ ముక్కల మీద కూడా ఉంటుందా ఈ ఖరీదు? బొమ్మల దుకాణాల్లో కట్టలు కట్టలు అమ్ముతున్నారు.

కోడలు: అవి నకిలీవి మామా. వాటి మీద అంకెలకి పొంతన ఉండదు, వాక్యాలు సగంలో తెగిపోయి ఉంటాయి. పోటీకి రానివ్వం.

మామ: అయితే అచ్చులో ఉన్నదల్లా శాసనం కాదన్నమాట. అచ్చువేసినవాడెవడో చూడాలి. దొంగ స్టాంపు కాగితం మీద ఎంత చక్కగా రాసినా దస్తావేజు కాదు. మరి నీ కార్డు ఎదుటివాడికి చదివి వినిపిస్తే చాలదు, దాని వెనక ఒక ప్రభుత్వం కావాలి. మీకు కంపెనీయే ప్రభుత్వం.

కోడలు: నకిలీల విషయంలో అంతే.

మామ: అసలు కార్డుల విషయంలో? అచ్చయిన మాటని కంపెనీ తర్వాత మార్చదా?

కోడలు: మారుస్తుంది. మ్యాజిక్‌లో ప్రతి కార్డుకి అధికారికమైన పాఠం ఒకటి కంపెనీ దగ్గర ఉంటుంది. చేతిలో ఉన్న కార్డు మీది మాట దానితో తేడా వస్తే కంపెనీ పాఠమే లెక్క. 2017లో ‘హోస్టేజ్ టేకర్’ అని ఒక కార్డులో చిన్న మాట జారిపోయింది. వేరే జీవిని బందీగా పట్టుకోవాల్సింది, తననే తాను పట్టుకోవచ్చన్నట్టు అచ్చయింది. అది పోతే బందీ తిరిగొస్తుంది, తిరిగొచ్చింది తనే కాబట్టి మళ్లీ తననే పట్టుకుంటుంది. అంతులేని చుట్టు. కంపెనీ వెంటనే సరిచేసింది.

మామ: అచ్చుతప్పు దిద్దడం వేరు. దాన్ని నేను తప్పుపట్టను. తప్పు లేకపోయినా మార్చిన సందర్భం ఉందా?

కోడలు: ఉంది. 2020 ఏప్రిల్‌లో ‘కంపానియన్’ కార్డులు వచ్చాయి. కట్ట తయారీలో ఒక కఠినమైన షరతు పాటిస్తే, ఆ కార్డుని కట్ట బయట పెట్టుకుని ఆటలో ఒకసారి అక్కడినుంచే దించవచ్చు. మరీ బలమైపోయాయి. జూన్‌లో రూలు మార్చారు: ముందు మూడు మానా, అంటే ఆటలో ఖర్చుపెట్టే శక్తి, కట్టి చేతిలోకి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే దించాలి. కార్డు మీద మాత్రం పాత మాటే ఉండిపోయింది.

మామ: దొరికావు! కార్డు మీది మాట రూల్‌బుక్‌ని ఓడిస్తుందన్నావు. కంపెనీ రూల్‌బుక్ తిరగరాసి కార్డుని ఓడించింది. డబ్బు తీసుకుని సరుకు ఇచ్చాక షరతులు మార్చడాన్ని నా కోర్టులో ఏమంటారో తెలుసా?

కోడలు: తెలుసు. అప్పుడు చాలామంది మండిపడ్డారు. కానీ మార్చకపోతే కంపానియన్ లేనివాళ్లకి ఆటే మిగిలేది కాదు. కొన్నవాళ్ల మాట నిలబెట్టాలా, బల్ల చుట్టూ కూర్చున్న అందరి ఆట నిలబెట్టాలా అంటే, నేను రెండోదే ఎంచుకుంటా. మీ ప్రభుత్వాలు కూడా ఇచ్చిన పట్టా వెనక్కి తీసుకుంటాయి, ప్రజాప్రయోజనం అంటాయి.

మామ: అన్నప్పుడు మేము కోర్టుకి లాగుతాం. కంపెనీని ఎవరు లాగుతారు? దానికి ఓటర్లు లేరు, పైన బెంచి లేదు. ముక్క రాసేది, చెరిపేది, తీర్పు చెప్పేది ఒక్కరే.

కోడలు: ఒక్క రూలు మాత్రం ఏ కార్డూ దాటలేదు. దాన్ని రూల్‌బుక్‌లోనే కట్టుదిట్టం చేశారు. ‘ప్లాటినం ఏంజిల్’ అని 2003 కార్డు ఉంది. అది బల్ల మీద ఉన్నంతసేపు నువ్వు ఓడిపోలేవు, ఎదుటివాడు గెలవలేడు. ప్రాణం సున్నా అయినా ఓడిపోవు. అయినా నువ్వు ‘ఓడిపోయాను’ అని లేచి వెళ్లిపోవచ్చు. ఎప్పుడైనా, ఏ కార్డు ఏం చెప్పినా. గోల్డెన్ రూలుకి ఉన్న ఒకే ఒక మినహాయింపు అది.

మామ: అంటే రాజ్యాంగానికి ఉన్నట్టే మీకూ ఎవరూ తాకకూడని మూలస్వరూపం అని ఒకటుంది. విచిత్రమేమిటంటే 371-డి కూడా ఈ గోడకి ఒకసారి తగిలింది. దాని అయిదో క్లాజులో, ఉద్యోగుల ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వుని రాష్ట్ర ప్రభుత్వం మూడు నెలల్లోగా మార్చవచ్చు, కొట్టేయవచ్చు అని ఉండేది. ప్రభుత్వం మీద వేసిన కేసు, ప్రభుత్వానికి నచ్చకపోతే తీర్పు చెల్లదు. 1987 సంపుటాల్లో దొరుకుతుంది, పి. సాంబమూర్తి కేసు. సుప్రీంకోర్టు ఆ క్లాజుని కొట్టేసింది. రాజ్యాంగంలో మరెక్కడ ఏమున్నా చెల్లుతానన్న ముక్కలోంచే ఒక వాక్యం తీసేశారు, చట్టపాలన అనే నేలని తవ్వుతోంది కాబట్టి. అపవాదం ఎంత పెద్దదైనా నిలబడడానికి నేల కావాలి బిడ్డా.

కోడలు: అయితే మనం ఒకే చోటికి వచ్చాం కదా?

మామ: రాలేదు. నీ నేల వేరు, నా నేల వేరు. నీ ఆటలో కదలని నియమం, ఇష్టం లేనివాడు లేచిపోవచ్చు అన్నది. అందుకే మిగతా ఎన్ని వంపులున్నా అన్యాయం అనిపించదు. నా కక్షిదారు లేచి ఎటు పోతాడు? చట్టం బల్ల దగ్గరినుంచి లేచిపోవడం అనేది లేదు. లేచిపోలేనివాడి ముందు మినహాయింపులు దించేటప్పుడు మీ కంపెనీకన్నా పదిరెట్లు జంకాలి.

కోడలు: జంకడం చాలదు, ఖరీదు రాయాలి. చారిజార్డ్ మీద రాసినట్టు. 2024లో ‘కార్మైన్’ అని ఒక కార్డు వచ్చింది. ముందు ఆడేవాడు మొదటి వంతులో సపోర్టర్ కార్డు దించకూడదు అనేది పోకెమాన్ రూలు. కార్మైన్‌ని దించవచ్చు అని కార్డు మీదే ఉంది. కానీ చేతిలో ఉన్న కార్డులన్నీ పారేసి కొత్తగా అయిదు తీసుకోవాలి. రూలు దాటనిస్తుంది, దాటినందుకు అప్పటిదాకా చేతిలో ఉన్నదంతా వదులుకోమంటుంది. మీ జీవోల్లో ఎక్కడైనా సడలింపు పక్కన దాని ఖరీదు రాసి ఉంటుందా?

మామ: ఉండదు. కానీ రాసినా ఒకటి మిగులుతుంది. నీ కార్డుల్లో ఖరీదు కట్టేది ఎవరు? దాన్ని దించినవాడే. చారిజార్డ్ పడితే నష్టపోయేది చారిజార్డ్ పట్టుకున్నవాడే. చట్టంలో మినహాయింపు ఒకడికి, ఖరీదు ఇంకొకడికి. ఒక కంపెనీకి పన్ను సడలిస్తే ఆ లోటు పూడ్చేది కంపెనీ కాదు.

కోడలు: అయితే అదే గీటురాయి పెట్టుకుందాం. పట్టుకున్నవాడే కడుతున్నాడా, ఎదుటివాడు కడుతున్నాడా అని.

మామ: పెట్టుకుంటే 371-డి ఏమవుతుంది? ఇటు జోన్ పిల్లకి ఉద్యోగం వస్తే, కట్టేది అటు జోన్ పిల్లగాడు. వాడు చేసిన తప్పేమీ లేదు.

కోడలు: అక్కడ ఆ గీటురాయి పనిచేయదు మామా. అది బహుమతి కాదు, బాకీ. ఇక్కడివాళ్లకి దక్కాల్సిన పోస్టులు అంతకుముందు ఏళ్లతరబడి దక్కలేదు కాబట్టి ఆ ముక్క రాశారు. ఖరీదు ముందే కట్టేశారు, ఇటువైపువాళ్లు.

మామ: నేనూ దాన్ని బాకీ అనే అంటాను. కానీ బాకీ అయితే తీరే రోజు ఉండాలి. 1974లో రాసిన ముక్క మీద ఆ రోజు రాసి లేదు. రాష్ట్రమే రెండైంది. 2018లో తెలంగాణకి కొత్త ఉత్తర్వు వచ్చింది, జోన్లు మారాయి. ముక్క మాత్రం అమల్లోనే ఉంది.

కోడలు: మా పోకెమాన్ కార్డుల అడుగున ఒక చిన్న అక్షరం ఉంటుంది. ఏ అక్షరాలవి ఆ ఏడు పోటీల్లో చెల్లుతాయో ముందే ప్రకటిస్తారు. 2025 ఏప్రిల్‌లో ‘ఎఫ్’ అక్షరం కార్డులు స్టాండర్డ్ పోటీలనుంచి తప్పుకున్నాయి. కొన్నరోజే తెలుసు, ఇది ఎప్పుడో ఒకరోజు తప్పుకుంటుందని. మీ ముక్కలకి అట్లాంటి అక్షరం ఒకటి వేస్తే?

మామ: కంపెనీ అక్షరం వేసేది కొత్త పాకెట్లు అమ్ముకోవడానికి. చట్టం మీద అక్షరం వేస్తే, ఆ రోజు రాకముందే బాకీ తీరిందో లేదో చూసే పని ఎవరో ఒకరు చేయాలి. 610 జీవోకి గడువు రాశారు కదా, 1986 మార్చి అని. గడువు వచ్చింది, పోయింది, లెక్క చూసినవాడు లేడు.

కోడలు: అందుకే గడువు రాసేటప్పుడే రాయాలి, ఆ రోజు లెక్క అడిగే హక్కు ఎవరిదో. మా బల్ల మీద కార్డు తీసుకుని చదివే హక్కు ఎదుటివాడిది. జోన్ పిల్లకి కూడా ఆ హక్కు ఇవ్వండి. ఏ జోన్‌లో ఏ పోస్టు ఎవరికి ఇచ్చారో తను చదివి, తప్పుంటే తనే కోర్టుకి లాగేట్టు.

మామ: అది ఇవ్వగలం. కష్టం నాకు తెలుసు, ఆ కేసులు నడిపేది మావాళ్లే కాబట్టి. కానీ ఒక షరతు: అటు జోన్ పిల్లగాడికి కూడా అదే ఫైలు చదివే హక్కు ఉండాలి. బాకీ తీరిపోయిందని వాడు వాదిస్తే, వాడి మాట కూడా వినాలి.

కోడలు: వినాలి. వాడు కూడా బల్ల దగ్గరినుంచి లేచిపోలేనివాడే.